దాపటెద్దు, వలపటెద్దు, బీరువా మీది విమానం

ఇందుమూలంగా యావన్మంది ఫేస్‌బుక్ ప్రజలకు తెలియజేయడమేమనగా... చోడవరంలో రిమోటు విమానాన్ని మొట్టమొదట నేల మీద తిన్నగా నడిపిన మొనగాడు ఈ సత్తిబాబే! అవును, పదో తరగతి తప్పిన సత్తిబాబే. డిగ్రీలున్నవాళ్ళు అభ్యంతరాలు కామెంట్లలో పెట్టుకోవచ్చు... నేను చదవను. డుం డుం డుం!

మా చిన్నప్పుడు... మరీ చిన్నప్పుడు కాదులెండి, నూగు మీసాలప్పుడు... ఎరువుల కొట్టు మేడ మీద జిలానీ సార్ కంప్యూటర్ సెంటర్ ఉండేది. చెప్పులు మెట్ల కింద విప్పి, గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళాలి. మాకు ఫ్యాను లేదు. కంప్యూటర్లకి మాత్రం పూలపూల దుప్పట్లు!

సార్‌ది అనకాపల్లి. మిలిటరీలో విమానాలు బాగుచేసి రిటైరయ్యారు. తేలిక చెక్కతో, బారెడు రెక్కలతో, పిడికిలంత ఇంజనుతో ఓ విమానం సొంతంగా చేసి బీరువా మీద పెట్టారు. దాని రిమోటు ఒక్కసారి పట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయేది.

“ముందు కంప్యూటర్లో నేర్సుకోండి” అన్నారు సార్. “అందులోనూ ఎగరేయడం కాదు. నేల మీద నడపాలి. అవతలి కొసకి పోవాలి, తిరగాలి, వచ్చి మన కాళ్ళ దగ్గర ఆగాలి. శనివారం అది చేసినోడికే ఆదివారం అసలు రిమోటు.”

కంప్యూటర్లో ఆట ఎలా ఉండేదంటే... మనం మైదానంలో నిలబడి చూస్తున్నట్టు బొమ్మ. విమానం మన ముందు గడ్డి మీద ఉంటుంది. చేతిలో జాయ్‌స్టిక్కు. ఒక్కసారిగా వేగం పెంచితే ముక్కు నేలకి గుచ్చుకుని పల్టీ. నెమ్మదిగా పెంచితే పోతుంది... పోవడం అందరికీ వచ్చేది. తిరిగి రావడమే చావు!

ఎదురుగా వస్తున్నప్పుడు దాని ఎడమ మన కుడి అయిపోతుంది కదా. మనం కుడికి నొక్కుతాం, అది మన ఎడమకి పోయి కంచెలో పడుతుంది. కంగారుపడి ఇంకా గట్టిగా నొక్కుతాం... ఇంకో కంచె.

బీయస్సీ రమణమూర్తి మాలో పెద్ద చదువరి. నన్ను చూసి సార్‌తో అన్నాడు... “ఈడి నాన్న సెరుకు బండి తోల్తాడండి. ఈడికి ఇమానం ఏటండి సార్, బండి ఉంది కదా!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వాడి చెవిలో మెల్లగా ఓ మాట వేశాను. “ఒరే, జాగర్త. ఇందులో కూల్చిన పెతీసారి ఢిల్లీకి రిపోర్టు ఎల్తాదంట. సార్ మిలిటరీ కదేటి!” అంతే... ఆ వారమంతా జాయ్‌స్టిక్కు పట్టుకుంటే చాలు, వాడి చేతులు గజగజ. పాపమేనంటారా? నన్ననే ముందు వాడు ఆలోచించుకోవాల్సింది.

అయినా నా విమానమూ కంచెలోకే పోయేది... శుక్రవారం దాకా.

ఆ సాయంత్రం గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర మా బండి వరసలో ఉంది. ఇరుకులో బండి కదపాలంటే ఒకరు ఎద్దుల ముందుకెళ్ళి, వాటికి ఎదురుగా నిలబడి, పగ్గాలు పట్టుకుని వెనక్కి నడుస్తూ తీసుకురావాలి. చిన్నప్పట్నుంచీ అది నా పనే. నాన్న బండి మీంచి అరిచాడు... “దాపటకి, దాపటకి లాగరా!”

దాపట అంటే ఎడమ. కానీ నా ఎడమ కాదు... ఎద్దుల ఎడమ! ఎడమవైపు కట్టిన ఎద్దు దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. నేను ముందున్నా, వెనకున్నా, చెట్టెక్కి కూర్చున్నా దాపట దాపటే. నా చేయి ఆలోచించకుండానే లాగేసింది... అక్కడే నిలబడిపోయాను.

“ఏట్రా, నడిరోడ్డున నిద్రోతన్నావా?” అని నాన్న కేకేసేదాకా కదల్లేదు.

శనివారం రమణమూర్తి ముందు కూర్చున్నాడు. పోయాడు, తిరిగాడు, కంచె. నా వంతు వచ్చింది. కుడి, ఎడమ అన్న మాటలే మర్చిపోయాను. విమానానికి కాడి కట్టినట్టు అనుకుని, పైకే అంటూ నడిపాను. “దాపట... ఇంకొంచెం దాపట... వలపట... హో, హో!” హో అన్నచోట ఆగింది. కాళ్ళ దగ్గరే!

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఏటి గొణిగినావురా?” అన్నారు. చెప్పాను. ఆయన బోర్డు మీద పెద్దక్షరాలతో దాపట, వలపట అని రాసి బీయస్సీవాడితో సహా అందరిచేత వల్లె వేయించారు. రమణమూర్తి గొంతు అందరికన్నా సన్నగా వినిపించింది... ఆహా, నా చెవులకి అదే సన్నాయి!

ఆదివారం కాలేజీ మైదానం. నా చేతిలో అసలు రిమోటు. విమానం గుర్రుమంటూ గడ్డి మీద అవతలి కొస దాకా పోయింది, తిరిగింది, వచ్చి సార్ బూట్ల ముందు ఆగింది. మళ్ళీ వేగం పెంచాను... పరుగెత్తి పరుగెత్తి గాల్లోకి లేచింది. చెరుకు తోటల మీదుగా గుండ్రంగా తిరిగింది! జనం ఒకటే ఈలలు!

బండి గట్టున ఆపి చూడ్డానికొచ్చిన నాన్న తలపాగా విప్పి భుజాన వేసుకుని ఒక్క మాటే అన్నాడు. “బాగానే తోలినావురా.”

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్లో విమానం తెరిచిన మరుక్షణం ఆకాశంలో ఉంటాడు. నేల మీద నడపరా అంటే బోర్ అంటాడు. చెరుకు ట్రాక్టర్లలో పోతోంది... దాపట అంటే అదేం యాప్ అని అడిగాడు మొన్న. మీ ఇళ్ళల్లో ఆ మాట తెలిసిన పిల్లలుంటే రాయండి, వాళ్ళకి నా తరఫున బెల్లం దిమ్మ!

సరే... రమణమూర్తి కూడా ఈ ఫేస్‌బుక్‌లోనే ఉన్నాడు, ఎలాగూ బయటపెడతాడు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. విమానం గాల్లోకి లేచింది అన్నది శుద్ధ అబద్ధం. సార్ బూట్ల ముందు ఆగాక ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది, మళ్ళీ పలకలేదు. జానెడు కూడా లేవలేదు.

అయితే ఏటి? నాన్న “బాగానే తోలినావురా” అన్నది నేల మీద నడిపినందుకే.