చేనిమీద లేని మబ్బులు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నంద్యాలలో మాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలు తీసేది మా ఆయన. చీకటిగదిలో కడిగి ప్రింటు వేసేది నేను.

ఒకరోజు ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన కొడుకు మిలిటరీలో, ఎక్కడో ఉత్తరాదిన ఉన్నాడు.

"మావోడు చేను చూసి చానా దినాలాయ. పటం తీసి పంపిస్తే చూసుకుంటాడు," అన్నాడు.

మా ఆయన వెళ్లి మిట్టమధ్యాహ్నం ఎండలో తీసుకొచ్చాడు. ఆ వేళప్పుడు నల్లరేగడి నేలను తీయడం కష్టం. నేల కనబడేంత వెలుతురు ఇస్తే ఆకాశం తెల్లకాగితమవుతుంది. ఆకాశాన్ని కాపాడితే చేను బొగ్గుముద్దవుతుంది. మా ఆయన చేనునే కాపాడాడు. ప్రింటు వేసేటప్పుడు నేను కిందిభాగాన్ని అట్టముక్కతో మూసి, పైభాగానికి ఇంకాస్త వెలుతురిచ్చాను; ప్రింటు కాగితం వెలుతురు పడేకొద్దీ నలుపెక్కుతుంది. ఆకాశం బూడిదరంగుకు తిరిగింది తప్ప అందం రాలేదు. వానాకాలంలో వెలుగోడు దగ్గర తీసిన నెగటివ్ ఒకటి ఉంటే, అందులోని మబ్బులను అదే కాగితం మీద చేనుపైన వేశాను. అతుకు ఎక్కడా తెలియలేదు. నా చేతిపనికి నేనే మురిసిపోయి, పెద్దాయన ఇచ్చిపోయిన అడ్రసుకు టపాలో పంపించేశాను.

కొన్నాళ్లకు ఆయన మళ్లీ వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"బాయి అడుగంటింది తల్లీ. సెలవు పెట్టి వస్తే ఇద్దరం పూడిక తీసుకుందామని మావోడికి రాయించినా. వాడేమో పటంలో మబ్బులు చూసినాడంట. వానలు బాగుండాయి కదా, ఈసారికి రానులే నాయనా అన్నాడు. యాడి వానలు? చినుకు పడల్యా. మబ్బులెట్ల కనబడినాయో వానికి!"

"అవి మీ చేనివి కావు పెద్దాయనా. నేనే పెట్టినా," అన్నాను.

"మబ్బులు గూడా పెడతారామ్మా?" అన్నాడు. అందులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే మా ఆయనతో నేనూ బస్సెక్కి ఆ చేనికి వెళ్లాను. పొద్దు వాలేదాకా గట్టు మీద కూర్చున్నాం. ఏటవాలు ఎండ నేలను తాకాక, ఆకాశం మరీ తెల్లబడకుండా లెన్సుకు పసుపుగాజు తగిలించి, నేలకు సరిపడేంత సేపు తెరిచి తీశాం. ఇంటికొచ్చి ఆ నెగటివ్‌ను కడిగే మందులో మామూలుకంటే తక్కువసేపే ఉంచాను. ఆకాశం మాడలేదు, చేను చీకటి కాలేదు. ఒట్టి ఆకాశం కింద నెర్రెలు, ఎండిన జొన్నమోళ్లు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఆ రోజే కొడుక్కి పంపించాను.

అది చేరేసరికి అతని సెలవు ఇంకెవరికో పోయింది. పెద్దాయన కూలిమనిషిని తోడు తెచ్చుకుని బావిలోకి దిగి, మెట్టు జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కబురు విన్నాక ఆ వెలుగోడు మబ్బుల నెగటివ్ మళ్లీ బయటికి తీయలేదు.

మరుసటి ఏడు కొడుకు ఊరికి వచ్చినప్పుడు మా స్టూడియోకూ వచ్చాడు. జరిగిందంతా చెప్పి, నా వల్లే ఇట్లా అయిందన్నాను. అతను తల వంచుకున్నాడు.

"నీ మబ్బులదేం లేదక్కా. సేద్యగాని కొడుకును, మన్ను చూస్తే తెలీదా? పైన మబ్బులుండాయి గానీ కింద నేల ఎండిపోయుండాది. నాకే రాబుద్ధి కాల్యా. సాకు దొరికింది. నాయనతో మాత్రం అనొద్దు."

నేను అనలేదు.

తర్వాత కూడా పెద్దాయన నంద్యాల సంతకు వచ్చినప్పుడల్లా కుంటుకుంటూ మా గడప ఎక్కేవాడు. మంచినీళ్లు తాగి, నా మొహం చూసి, "ఇంకా దాన్నే తలుచుకుంటాండావా తల్లీ? నువ్వు పనితనం చూపించినావు, మావోడు పిచ్చోడు, నమ్మినాడు," అని నన్నే ఓదార్చేవాడు. నేను ఖాళీ చెంబు అందుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని.