ప్రిన్సిపాల్ గదిలో నేనాడిన బేరం

బేరమాడి ధర తగ్గించినవాళ్లను మీరు చాలామందిని చూసుంటారు. బేరమాడి ధర పెంచుకొచ్చిన మనిషిని చూడాలనుంటే ఇదిగో, నేనే. పైగా అది చీర ధరా కాదు, వంకాయల ధరా కాదు. కన్నకూతురికి పడబోయే శిక్ష. చిటికెడంత ఉన్నదాన్ని బస్తాడు చేసిన ఘనత నాది.

నేను పుట్టి పెరిగింది విజయవాడ వన్ టౌన్‌లో, చీరల కొట్టు వెనక వాటాలో. మాటలకంటే ముందు నాకు బేరాలొచ్చాయి. మా నాన్న పక్కన పరుపు మీద కూర్చుని నేర్చుకున్న చదువు చిన్నదే: అవతలివాళ్లు మొదట చెప్పేది ఎప్పుడూ అసలు ధర కాదు, పాతవాళ్లకి తగ్గించక తప్పదు, లేచి నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలిచి తీరతారు. ఈ చదువుతోనే కల్యాణ మండపం దగ్గర్నుంచి కాన్పు గది దాకా అన్నీ సాధించుకొచ్చాను. అంచేత బడి నుంచి ఫోనొస్తే నాకు భయం వెయ్యలేదు. వేసుంటే బాగుండేది.

అప్పుడు మా అమ్మాయి లావణ్య తొమ్మిదో క్లాసు, బెంజ్ సర్కిల్ అవతల ఓ బడిలో. భోజనం బెల్లు కొట్టగానే బి సెక్షన్ పిల్లలు ముందే పరిగెత్తి ఖోఖో కోర్టు ఆక్రమించుకుంటున్నారట. దాంతో ఎ సెక్షన్ వీరనారి, అంటే మా పిల్లే, ఆ క్లాసు తలుపుకి బయట గొళ్లెం పెట్టేసింది. పావుగంట సేపు అందరూ లోపలే ఉండి తలుపు బాదారు.

ఆ శనివారమే హనుమాన్ జంక్షన్‌లో ఖోఖో పోటీ. బడి జట్టులో మా పిల్ల ఉంది. మూడు నెలలుగా తెల్లారకుండా లేచి, మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడింది. ఆ పోటీ గనక తప్పిపోతే పిల్ల నాకు దక్కదన్నంత కంగారుగా వెళ్లాను.

ప్రిన్సిపాల్ రాజేశ్వరి గారు నెమ్మదస్తురాలు.

"కూర్చోండి పద్మ గారూ. మీ లావణ్య విషయం..."

"తెలుసండీ. పది రోజులు బడికి రావద్దంటే మరీ అన్యాయం. రెండ్రోజులు చేసుకోండి."

ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "పది రోజులని ఎవరన్నారండీ?"

"ఎవరూ అనలేదు. మీరనేలోపు నేనే అన్నాను."

"మా దగ్గర శిక్షలకి మెట్లున్నాయండీ," అన్నారావిడ, చంటిపిల్లకి చెప్పినట్టు. "మొదటిసారైతే పిల్ల చెప్పేది వింటాం, చెడగొట్టినదాన్ని ఆ పిల్ల చేతే సరిచేయిస్తాం. మళ్లీ చేస్తే మీ ముందు కాగితం రాయిస్తాం. మూడోసారి కూడా అయితే నెల్లాళ్లు ఆటలూ పోటీలూ ఉండవు. లావణ్యకిది మొదటిసారే కాబట్టి..."

మీరైతే ఏం చేస్తారు? దణ్ణం పెట్టి ఇంటికెళ్తారు. నాకేమో ధర ఇంత మెత్తగా చెప్పారంటే ఇంకా తగ్గుతుందనిపించింది.

"మేం మీకు కొత్తవాళ్లమా మేడమ్? పాతవాళ్లం. కాస్త చూసి వెయ్యాలి."

"పాతవాళ్లంటే?"

"పోయిన నెల గోడ దూకి పునుగులకి వెళ్లినప్పుడు మీరేమన్నా అన్నారా? అంతకుముందు డ్రిల్లు మాస్టారి విజిల్ దాచేసినప్పుడు అన్నారా? అంతంతవే వదిలేసినవాళ్లకి ఈ గొళ్లెం ఎంతండీ!"

ఆవిడ ముందున్న రిజిస్టరు తిరగేశారు.

"అవి మాకు తెలీవండీ."

మా కొట్లో పాతవాళ్లకి తగ్గుతుంది. ఇక్కడ పాతబడేకొద్దీ పెరుగుతుంది! నా బుర్రకి అప్పుడెక్కింది. ఆ రెండూ మా పిల్ల నా ఒళ్లో తలపెట్టుకుని, ఒట్టేయించుకుని మరీ చెప్పిన రహస్యాలు. వాటిని నేను మడత విప్పి ఆవిడ బల్ల మీద పరిచాను.

"అయితే ఇది మూడోదన్నమాట," అంటూ ఆవిడ పెన్ను తీశారు.

కంగారులో చివరి అస్త్రం వదిలాను. "మాకు కుదర్దండీ, వస్తాం," అని లేచి నడిచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు...

"పద్మ గారూ!"

"ఆఁ!" పిలిచింది చూశారా!

"వెళ్తూ ఆ తలుపు దగ్గరగా వెయ్యండి. ఏసీ ఉంది."

తలుపు వేశాను. లోపలుండే వేసి, నా అంతట నేనే వచ్చి కూర్చున్నాను.

"ఆ రెండు మాటలూ వెనక్కి తీసుకుంటానండీ."

"జాకెట్టు ముక్కలా అండీ, వెనక్కి తీసుకోడానికి?"

"నన్నేమైనా చెయ్యండి మేడమ్. దాని శనివారం మాత్రం తియ్యకండి." ఇది మాత్రం బేరం కాదు.

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "మీ మాట మీద పిల్లకి శిక్ష వెయ్యనండీ. తననడగాలి," అని లావణ్యని పిలిపించారు.

"మీ అమ్మ ఇంకో రెండు సంగతులు చెప్పారు. నీ నోటితో చెప్పాలనిపిస్తేనే చెప్పు. లేకపోతే గొళ్లెం గురించే మాట్లాడుకుందాం."

నేను 'కాదను, కాదను' అని కళ్లు తిప్పాను. మా పిల్ల నావైపు చూసిన చూపుంది చూశారూ, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"నిజమే మేడమ్. గోడ దూకాను. విజిల్ కూడా నేనే. పునుగుల్లో సగం అమ్మే తిందని చెప్పిందా?"

ఆవిడ నావైపు తిరిగారు. "అల్లం చట్నీ బాగుందండీ," అన్నాను.

ఆవిడ నవ్వాపుకోడానికి మంచినీళ్లు తాగారు. తర్వాత అన్నారు: "ఎవరూ పిలిచి చెప్పనప్పుడు పిల్లకి మారడానికి అవకాశమేదండీ? చెప్పినా వినకపోతే కదా పై మెట్టు. ఇవాళ మూడూ కలిపి మొదటి మెట్టే. లావణ్యా, బి సెక్షన్‌కి వెళ్లి క్షమాపణ చెప్పు, విజిల్ ఇచ్చెయ్యి. రెండు క్లాసులకీ కోర్టు ఎప్పుడెప్పుడో ఆ పిల్లలతో కూర్చుని నువ్వే పట్టీ రాసి తీసుకురా. శనివారం ఆడు."

నేను లేవబోయాను.

"మీది అవలేదండీ. మిమ్మల్ని నమ్మి చెప్పిన పిల్లకి మీరు కూడా క్షమాపణ చెప్పి సరిచెయ్యాలి కదా?"

"ఇంటికెళ్లి చెప్తానండీ."

"ఇక్కడే."

"తప్పయిపోయిందే తల్లీ," అన్నాను.

"సరిగ్గా వినపడలేదమ్మా," అంది నా కడుపున పుట్టింది. రెండోసారి చెప్పాను. చెప్పేసరికి ఇద్దరం ఏడుస్తూ నవ్వుతున్నాం.

శనివారం మా పిల్ల కోర్టులో దిగిన నిమిషానికే ఔటైంది. అయినా తిరుగు బస్సులో జట్టంతటికీ వినపడేలా పాటలు పాడింది.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అవతలివాళ్లు ధర చెప్పడం పూర్తయ్యేదాకా నోరు విప్పను, పిల్ల చెవిలో చెప్పిన మాటని ఏ బల్ల మీదా పరవను. ఈ ప్రమాణం మీద మా ఇంట్లో నమ్మకం ఎంతంటే, ఇప్పటికీ లావణ్య నాతో ఏదన్నా చెప్పాలంటే ముందు ఒక మాట అన్నాకే మొదలుపెడుతుంది:

"అమ్మా, ఇది అమ్మకానికి కాదు."