డీలరుకు రుచి చూపించిన కానుగ నూనె

మాది ఉదయగిరి దగ్గర పల్లె. డీజిలు దొరకని ఆ ఏడు మా ఆయన ఆయిలింజనును ఎద్దులబండికి ఎక్కించుకొని, వరికుంటపాడు దాకా పోయి రైతుల బావుల్లో నీళ్ళు తోడేవాడు. ఇంజనుకు కానుగ నూనె పోసేవాళ్ళం. కాయలు ఏరి, గింజలు ఆడించి, నూనె కాచి, పాత పంచెలో వడగట్టేది నేనే.

మా ఊరి రేషన్ డీలరు మాలకొండయ్య కిరసనాయిలు బ్లాకులో అమ్మేవాడు. మేము కొనలేదని ఆయనకు కడుపుమంట. మేము రేషను కిరసనాయిలుతో ఇంజను నడుపుతున్నామని అర్జీ పెట్టినాడు. ఆఫీసరు డీలరును వెంటబెట్టుకొని జీపులో వచ్చి, బండి జప్తు చేస్తామన్నాడు. ఆ బండే మా కూడు.

నేను ఇంజను ట్యాంకులోని నూనె గిన్నెలో పట్టి ముందర పెట్టినాను. "సారూ, కానుగ నూనె కటిక చేదు. అర్జీ పెట్టినాయన్నే రుచి చూసి చెప్పమనండి."

"నన్ను నాకమంటావేందమ్మే?" అన్నాడు డీలరు.

"అర్జీ రాసిన వేలే కదన్నా, ముంచు."

ఆఫీసరు కానిమ్మన్నాడు. ఊరంతా చూస్తుండగా డీలరు వేలు ముంచి నాకినాడు. మొకం వంకర్లు పోయింది. ఉమ్మిందే ఉమ్మి, "చేదే సార్" అన్నాడు. ఆఫీసరు నవ్వాపుకొని, "సొంత ఇంజనుకు పోసుకోండి, ఎవరికీ అమ్మబాకండి" అని పోయినాడు.

ఆ ఎండాకాలమే డీలరు చెనిక్కాయ చేను వాడిపోయి, ఇంజను పంపమని మా గడపకొచ్చినాడు. "మాది దొంగ ఇంజను కదన్నా" అని తలుపేసినాను. పైరును ఎండబెట్టడం తప్పని మా ఆయన ఈనాటికీ అంటాడు. ఆయనకేం, నూనె కాచి బొబ్బలెక్కింది నా చేతులు.