తలుపు వెనక కొమ్ముబూర

ఓల్డ్రిఖ్ పై పన్ను ఊగుతోందని ఊరంతటికీ తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? చుట్టలు తిరిగిన ఇత్తడి కొమ్ముబూర ఊదేవాడికి ముందుపళ్ళే ఆస్తి. అవి పోతే బూర గోడకెక్కినట్టే.

"పీకించుకోవయ్యా మనిషీ!" అని భార్య జ్డెంకా రోజూ పోరేది. "రొట్టె కూడా చారులో నానబెట్టుకుని తింటున్నావు. పసిపిల్లాడివా?"

"ఈ సింఫనీ ఒక్కటీ అయిపోనీవే. మర్నాడు నువ్వే దారం కట్టి లాగెయ్."

ఆ సింఫనీ రాసింది ఈ ఊరివాడే. ఆయన బతికుండగా ఒక్కసారే వాయించారు. ఆ తర్వాత దాని పేరెత్తితే చాలు, అది ముగిసేలోపు బీరు వేడెక్కిపోతుందని సారాయంగడి దగ్గర ఎగతాళి. పాపం, ఎగతాళి చేసినవాళ్ళలో సగంమంది విన్నవాళ్ళు కారు. ఇన్నేళ్ళకు ఇప్పుడు మళ్ళీ వాయించబోతున్నారు. దాని చివరి భాగంలో ఒక కొమ్ముబూర హాలు బయటినుంచి, మూసిన తలుపు వెనకనుంచి పలకాలి, కొండ అవతలినుంచి ఎవరో ఇంటికి రమ్మంటున్నట్టు. ఆనాడు అక్కడ నిలబడి వాయించింది వావ్రా మాస్టారు.

ఓల్డ్రిఖ్‌కు బూర నేర్పింది ఆయనే. పాఠం వంటింట్లో జరిగేది. పొయ్యి మీద కాబేజీ ఉడుకుతుంటే మాస్టారు చెక్కగరిటెతో బల్లమీద తాళం వేసేవాడు. ఆ కాబేజీ వాసన ఎక్కడ తగిలినా ఓల్డ్రిఖ్‌కు ఇప్పటికీ ఆ గరిటె చప్పుడు వినిపిస్తుంది.

"ప్రాణం పెట్టి వాయించానురా," అనేవాడు మాస్టారు. "అంతా అయ్యాక తలుపు తీసి చూద్దునా, అన్నీ కుర్చీలే! జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోయారట. తలుపు వెనక ఉన్నవాడికి ఎవడు చెప్తాడు?" అని పకపకా నవ్వేవాడు. ఆ నవ్వే ఓల్డ్రిఖ్‌ను ఎక్కువ బాధపెట్టేది. "మళ్ళీ ఎప్పుడైనా వాయిస్తే అక్కడ నువ్వుండాలి," అని కూడా అనేవాడు. ఆ రోజు చూడకుండానే కన్నుమూశాడు.

ఆ రోజు వచ్చింది. హాలు బయటి నడవాలో తడిసిన కోట్ల వాసన. ఇక ఊదమని లోపలినుంచి సైగగా తలుపు మీద చిన్న దీపం వెలగగానే ఓల్డ్రిఖ్ ఊదాడు. పన్ను కదిలింది. చిగురు భగ్గుమంది. చివరి స్వరం కాస్త వణికింది కానీ తెగలేదు. బూర దించేసరికి పన్ను నాలుక మీద ఉంది.

లోపల వాద్యాలన్నీ ఒక్కసారి ఎగసి ఆగిపోయాయి. ఆ తర్వాత చప్పుడు లేదు. చప్పట్లు లేవు, దగ్గు లేదు.

వెళ్ళిపోయారు, అనుకున్నాడు. వీళ్ళూ పోయారు. మాస్టారికి జరిగిందే తనకూ జరిగింది. తలుపు తీసే ధైర్యం లేక పన్ను పిడికిట్లో బిగించి నిలబడ్డాడు.

ఉన్నట్టుండి లోపల చప్పట్లు మోగాయి. తలుపు తెరుచుకుంది. జ్డెంకా! ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది.

"ఇక్కడే నిలబడిపోయావేం? రావయ్యా, నీకోసమే చూస్తున్నారు!"

ఆమె భుజం మీదుగా చూశాడు. హాలు కిక్కిరిసి ఉంది. ఓల్డ్రిఖ్ వెంటనే లోపలికి వెళ్ళలేదు. ఖాళీ నడవాకేసి తిరిగి, పన్ను ఊడిన నోటితో చిన్నగా అన్నాడు:

"ఒక్కళ్ళూ లేచి వెళ్ళలేదు మాస్టారూ."