అత్తమ్మ చూపించిన మచ్చ

మా అత్తమ్మ పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "ఛాతీల బరువుగ ఉన్నది" అంటూ మంచం మీద ఒరిగింది. ఆటో వచ్చేలోపే గుండె ఆగిపోయింది. ఆమె గురించి అందరికీ చెప్పుకోవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

బాన్సువాడలో మా వాడకంతా ఆమె బీడీల అవ్వ. చాట ఒళ్లో పెట్టుకుని మాట్లాడుతూనే ఆకు చుట్టేది, చూపు మాత్రం వీధిలో ఉండేది. కాసేపు ఆగమంటే, "చెయ్యి ఆగితే ఫికర్ మొదలైతది పిల్లా" అనేది.

నాలుగేళ్ల కింద ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఎడమ రొమ్ము తీసేశారు. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. కోత మానింది కానీ గీత చదును కాలేదు. నెలలు గడిచేకొద్దీ ఉబ్బి, గట్టిపడింది. ఒకరోజు నేను స్కూలుకు డబ్బా కట్టుకుంటుంటే, "గీడ ఒకటే దురద పెడుతున్నది" అంది. నేను ఆ స్కూల్లో పాఠాలు చెప్తాను. బస్సు తొందరలో ఉన్నాను. "ప్రాణం దక్కింది అత్తమ్మా, దురదకేముంది?" అని నవ్వాను. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తర్వాత చెకప్‌కు రమ్మంటే, "మంచిగనే ఉన్న గద" అనేది. మద్నూర్‌లో సొంత అన్న మనవరాలి పెళ్లికీ రాలేదు. ఇంట్లో మా ఆయన పాత చొక్కాలు వేసుకుని తిరిగేది. ఉక్కకు అనుకున్నాం. రవిక కుట్టు మచ్చకు ఒరుసుకుంటోందని మాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం స్కూలు తొందరగా వదిలితే ఇంటికొచ్చాను. అత్తమ్మ తడి తువాల ఛాతీకి అదుముకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "దా, ఒకపారి చూడు" అని చొక్కా గుండీలు విప్పింది. నల్లని ఒంటి మీద ఇంకా నల్లగా, నిగనిగలాడుతూ, వేలంత లావున మచ్చ చంక దాకా పాకి ఉంది. నా తల దానంతటదే పక్కకు తిరిగింది. ఒక్క క్షణమే. కానీ ఆమె చూసింది.

గుండీలు పెట్టుకుంటూ అంది: "మళ్ల మొలుస్తున్నది. రెండేండ్ల సంది పెరుగుతనే ఉన్నది. చెప్తే మళ్ల కోస్తరని చెప్పలె."

రెండేళ్లు! ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తింటూ.

మర్నాడే నిజామాబాద్ తీసుకెళ్లాను. చర్మం డాక్టరమ్మ మచ్చను వేళ్లతో తడిమింది, పాత కాగితాలు చదివింది, పరీక్షలు చేయించింది. "ఇది క్యాన్సర్ కాదమ్మా. గాయం మానేటప్పుడు మచ్చే అవసరానికి మించి పెరిగింది. కెలాయిడ్ అంటాం. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఎక్కువ" అని చెప్పింది.

తిరుగు బస్సులో అత్తమ్మ, "నల్లగున్నోళ్లకు గిట్లయితదని ముందుగాల్నే ఎవరన్నా చెప్తే, గిన్ని రోజులు సావుకు బుగులు పడకపోదును" అంది. చెప్పేవాళ్లు లేకపోతే పోనీ, అడిగేదాన్ని నేనైనా ఉండాల్సింది.

మచ్చలోకి సూదులు వేశారు. నొప్పికి పళ్లు బిగబట్టి నా మణికట్టు పట్టుకునేది. మచ్చ పూర్తిగా పోలేదు కానీ కొంత అణిగింది, దురద తగ్గింది, చంక దగ్గర పట్టేసిన చెయ్యి పైకి లేచింది. ఆపరేషన్ చేసిన దవాఖానకు చెకప్‌కూ వెళ్లడం మొదలుపెట్టింది. పిట్లం నుంచి మా తోటి టీచరు వాళ్ల అక్క, అదే ఆపరేషన్ అయినావిడ, ఏడుస్తూ వస్తే గదిలోకి తీసుకెళ్లి తన మచ్చ చూపించింది. "బుగులు పడకు బిడ్డా. నాది ఉత్త మచ్చనే అన్నరు. నీది ఏందో డాక్టర్‌కు చూపెట్టు, నా లెక్క దాసిపెట్టకు" అంది.

ఆ మధ్యాహ్నం తల తిప్పుకున్నందుకు తప్పయిందని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆమె ఎదుట కూర్చుంటే వేరే మాటలే వచ్చేవి. ఆమే ఆ మాట ఎత్తలేదు కదా, మరిచిపోయిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆఖరి స్నానం వాకిట్లో చీరలు అడ్డం కట్టి చేయించాం. చుట్టూ ఆడవాళ్లు మచ్చ చూసి గుసగుసలాడుతుంటే, మా పెద్దాడబిడ్డ "జల్ది కప్పు" అంది. "ఉండు వదినె" అన్నాను. పసుపు రాసి, చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోశాను. నీళ్లు మచ్చ గట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని చుట్టుకుని, పసుప్పచ్చగా కిందికి జారాయి.