అమ్మ పాటను నేను ఎత్తుకున్న రోజు

మా అమ్మ పాటను మధ్యలో ఆపించిన మనిషి మీద పగ తీర్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ప్రతి ఆదివారం ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని, అవతల మగవాళ్ల ముందు వరసలో తెల్ల పంచె సర్దుకుంటున్న ఆయన్నే చూస్తూ ప్రార్థన చేశాను. ఏమని ప్రార్థించానో దేవుడికి తెలుసు. ఆయన వినిపించుకోలేదు కాబట్టి నేనే పూనుకున్నాను.

మాది యాడికికీ తాడిపత్రికీ మధ్య చిన్న ఊరు. చర్చి అంటే నాలుగు బండల గోడలు, పైన రేకులు. హార్మోనియం లేదు. ఒక కంజీర, రెండు జతల తాళాలు ఉండేవి. అలాంటి చోట పాట ఎత్తుకునే మనిషి ఏ శ్రుతిలో మొదలుపెడితే సంఘమంతా ఆ శ్రుతిలో పోవాల్సిందే. మరీ పైకి ఎత్తితే రెండో చరణానికి ముసలివాళ్లు నోరు మూసుకుంటారు. మరీ కిందికి ఎత్తితే పాట మూలుగులా ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా చర్చిలో పాట ఎత్తుకునేది మా అమ్మే.

ఆమెకు చదువు లేదు. పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకునేది గానీ తెరిచేది కాదు, అంతా కంఠతా వచ్చు. లేచి నిలబడ్డాక వెంటనే మొదలుపెట్టేది కాదు. ఒకసారి అందరి ముఖాలూ చూసేది. ఎవరికి జలుబు చేసింది, ఎవరు ఉపవాసం ఉన్నారు, ఏ అవ్వ ఈ వారం బాగా నీరసించింది, అన్నీ చూసి అప్పుడు ఎత్తుకునేది. "అందరికీ అందాల. అందని పాట దేవునికి మాత్రం యాడ అందుతాది?" అనేది. చిన్నప్పుడు నాకు అదంతా ఆలస్యంగా, విసుగ్గా తోచేది.

తొంభైల చివర్లో ఒక ఏడాది శెనక్కాయ మొత్తం ఎండిపోయింది. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఆ ఏడాది కోతపండుగకు చర్చిలో అర్పణగా పెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. గుమ్మడికాయలు, కోళ్లు, జొన్న కంకులు ఉండాల్సిన చోట ఖాళీ బల్ల. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. అమ్మ మాత్రం మా చేనిలో పీకిన ఎండు శెనక్కాయ కట్టె ఒక గుప్పెడు తీసుకుపోయి ఆ బల్ల మీద పెట్టింది. పెట్టి, పుస్తకంలో లేని పాట ఒకటి ఎత్తుకుంది. అప్పటికప్పుడు కట్టిందో, చేనిలో కట్టుకుందో నాకు తెలియదు.

"వాన రాలేదు గాని నువ్వొచ్చినావు నాయనా,
చేను పండలేదు గాని నన్ను కాచినావు నాయనా,
నీ ప్రేమకు బదులు నా కాడ ఏముండాది?
ఎండిన కట్టె తెచ్చినాను, తీసుకో నాయనా."

ఆ రోజు చర్చిలో ఏడవనివాళ్లు లేరు. కరువు మీద ఏడ్చారో దేవుడి మీద ప్రేమతో ఏడ్చారో విడదీసి చెప్పలేను. తర్వాత నాలుగు వారాలు జనం అదే పాట కావాలని అడిగారు. అయిదో వారం, అమ్మ మూడో లైను దగ్గర ఉండగా, సంఘ పెద్ద లేచి చెయ్యెత్తాడు. ఆయన బడిపంతులు. నలుగురిలో ఆయన మాటకు విలువ ఎక్కువ, ఆ విలువ ఆయనకు ఇంకా ఎక్కువగా తెలుసు.

"ఆపుమ్మా," అన్నాడు. "పుస్తకంలో లేని పాట చర్చిలో పాడరాదు. దేవునికి ఎండుకట్టె ఇస్తామని పాడతారా యాడైనా? ఇది స్తోత్రమా, దెప్పిపొడుపా?"

అమ్మ నోరు తెరిచి ఉండగానే పాట ఆగిపోయింది. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. పై ఆదివారం నుంచి ఆయన కోడలు పాటలు ఎత్తుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల మీద నాకేమీ లేదు. మంచిదే, గొంతు కూడా బాగుంటుంది. కానీ మామగారిది లోగొంతు కాబట్టి ఆయనకు వీలుగా ప్రతి పాటా కిందనే ఎత్తుకునేది. సంఘమంతా ఒక మనిషి గొంతును బట్టి నడవడం చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నారు, బాగానే ఉంది. మా అమ్మను కొడితే నేను ఏ చెంప చూపాలో ఎవరూ చెప్పలేదు. "నీకు రోషం లేదా మా?" అని అమ్మను నిలదీశాను. "ఉండాది. అయితే దాన్ని నోట్లో పెట్టుకోని పాట పాడితే ఉమ్మినట్టుంటాది మే," అంది. ఆమె వెనక వరసకు పోయి, ఆ కోడలు ఎత్తుకున్న పాటకు అందరికంటే గట్టిగా వంత పాడేది. అది చూసి నాకు ఆయన మీద కోపం ఇంకా పెరిగేది. అమ్మ మీద కూడా వచ్చేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కరువు వరసగా సాగింది. చేను బీడు పడింది. అమ్మ తాడిపత్రిలో బండలు కోసే చోట కూలికి పోయింది. పొద్దున్నే బస్సెక్కి పోయి, సాయంత్రం తల నుంచి కాళ్ల దాకా బూడిదరంగు దుమ్ముతో వచ్చేది. నాలుగేళ్లలో ఆ దుమ్ము ఎదలో పేరుకుంది. దగ్గు మొదలైంది. మొదట వంత పాడటం తగ్గింది, తర్వాత పెదవులు మాత్రమే కదిలేవి.

అలాంటి రోజుల్లో ఆ పెద్దమనిషి చేనిలో బోరు వేయించాడు. రెండు చోట్ల రాతిపొడి లేచింది, మూడో చోట నీళ్లు పడ్డాయి. మా సంఘంలో మేలు జరిగిన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. దానికొక పద్ధతి ఉంది. అందరూ కలిసి పాడాక, పాటలో చివరి లైను ఆ ఇంటి యజమాని ఒక్కడే లేచి పాడాలి. మేలు పొందిన నోటితోనే కృతజ్ఞత రావాలని మా పెద్దల ఉద్దేశం.

ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. "అక్కా, ఆదివారం మధ్యాన్నం కూడిక. కోడలు కాన్పుకు పుట్టింటికి పోయినాది. నీళ్లు పడిన దినం నుంచి నాకు నీ ఎండుకట్టె పాటే నోట్లో ఆడతాండాది. మా ఆయప్పను ఒప్పించినా. నీ బిడ్డను ఎత్తుకోమను, నువ్వు పక్కన కూచ్చోని చేతనైనంత పాడు," అంది.

అమ్మ ముఖం చూడాలి అప్పుడు! ఆ వారమంతా పనికి పోలేదు. మిరియాలు వేసి కాచిన నీళ్లు తాగుతూ, సాయంత్రాలు గడప మీద కూర్చుని తన పాటను తనే లోలోపల కూనిరాగం తీసుకుంది. నాలుగు లైన్లకు నాలుగుసార్లు ఆగి ఊపిరి తీసుకునేది. "అందరికీ అందేట్లు ఎత్తుకోమ్మే," అని నాకు రెండుసార్లు చెప్పింది. తనకు అందేట్లు అని చెప్పలేదు. అలా అడిగే మనిషి కాదు.

నేను మాత్రం బీడు చేనిలోకి పోయి వేరే సాధన చేశాను. ఏ ఎత్తులో మొదలుపెడితే ఆ పెద్దమనిషి లోగొంతు పగులుతుందో వెతుక్కున్నాను. దొరికింది. అదను దొరికిన పాముకు కూడా అంత సంతోషం ఉండదు.

ఆదివారం వాళ్ల ఇంటి ముందు షామియానా వేశారు. ఊరంతా బిందెలు తెచ్చుకుని వచ్చారు, కూడిక అయ్యాక కొత్త నీళ్లు పట్టుకుపోవచ్చని చెప్పారు. అమ్మ నా పక్కన, పెట్టెలోని ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. నేను లేచి నిలబడ్డాను. పాట ఎత్తుకునే ముందు అమ్మలాగే నేనూ చూశాను. ఆమె అందరినీ చూసేది, నేను ఆయన్నొక్కడినే చూశాను.

ఎత్తుకున్నాను. చేనిలో అనుకున్న దానికంటే ఇంకో మెట్టు పైకే పోయింది. కంజీర వాయించే మనిషి నన్ను అదోలా చూశాడు. అవ్వలు మొదటి లైనులోనే ఆగిపోయారు. పక్కన అమ్మ గొంతు "వాన రాలేదు గాని" అన్నంత వరకు వచ్చింది, తర్వాత దగ్గు వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు ఓరగా కనిపించింది. నేను తల తిప్పలేదు. నా కళ్లు ఆయన గొంతు మీద ఉన్నాయి.

చివరి లైను ఆయన వంతు. లేచి, కండువా సర్దుకుని, మూడుసార్లు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఎండిన" అనే మాట దగ్గరే గొంతు పుంజు కూతలాగా చీలింది. పిల్లలు నవ్వారు. వెనక కుర్రాళ్లు పైకే నవ్వారు. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ చీలింది. ఆరేళ్ల నుంచి నేను ఎదురుచూసిన చప్పుడు అది. కడుపు చల్లబడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి!

మూడోసారి ఆయన పాడలేదు. మా అమ్మ వైపు తిరిగి, మామూలు మాటల్లో చెప్పాడు. "ఎండిన కట్టె తెచ్చినాను, తీసుకో నాయనా." ఆ రోజు తను ఆపించిన పాటకు ఆఖరి మాటలు అవే. అని కూర్చున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన కళ్లు తుడుచుకున్నాడో చెమట తుడుచుకున్నాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. దెబ్బ పడీ పడకముందే ఆ మనిషి ఏదో విధంగా తన కృతజ్ఞత చెల్లించుకున్నాడని మాత్రం మండిపోయాను.

ఆయన ఇప్పటికీ ఉన్నాడు. అదే ముందు వరసలో, అదే లోగొంతుతో, ఎండుకట్టె పాట కూడా పాడుతున్నాడు. నాకు కోపం పోలేదు. అమ్మ మాత్రం పై ఏడు కోతపండుగ దాకా లేదు. ఆ పాటను ఆమె మళ్లీ పాడలేదు. ఆ కూడిక రోజు దారిలో, చెరో బిందెతో ఇంటికి నడుస్తూ, నేను ఆయన్ను ఎలా దెబ్బ కొట్టానో చెప్పి మురిసిపోతుంటే అమ్మ ఆగింది. బిందె కింద పెట్టి, ఊపిరి అందేదాకా నిలబడింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఆయప్ప గొంతు చూసినావు మే," అంది. "నాది చూడలేదు."