మామగారి ప్రసంగం తగ్గిన ఏడాది

మొన్న ఆదివారం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా తెలుగు చర్చిలో, కొత్తగా వచ్చిన పాస్టరు మాట మధ్యలో ఆగి నీళ్లు తాగాడు. వెంటనే నా చూపు అతని మెడ మీదికి పోయింది. నర్సుగా రిటైరై ఇన్నేళ్లయినా ఈ అలవాటు పోలేదు. అతనికేమీ లేదు, దాహం వేసిందంతే. నాకు మాత్రం మా మామగారు గుర్తొచ్చారు.

ఆయన కూడా పాస్టరే. తొంభైల్లో ఇదే చర్చిలో ఆయన ప్రసంగం మొదలుపెడితే పిల్లలు ఒక నిద్ర తీసి లేచేవారు. ఇంట్లో వండాల్సిన కూర సంగతి ఆడవాళ్లు కళ్లతోనే మాట్లాడుకునేవారు. అలాంటిది ఓ వానాకాలం నుంచి ప్రసంగాల నిడివి తగ్గుతూ వచ్చింది. అందరికీ సంతోషమే. తాతల నాటి నుంచీ బెంగళూరులోనే ఉన్న చర్చి పెద్ద ఒకాయన, మామగారి చేతులు పట్టుకుని మరీ మెచ్చుకున్నాడు: "ఇప్పుడు శానా చెన్నాగా ఉండాది అయ్యగారూ. చిన్నగా చెప్తే మనసులో నిలస్తాది." మామగారు నవ్వేశారు.

ముందు వరుసలో కూర్చునే నాకు వేరే సంగతులు కనిపించసాగాయి. వాక్యం పూర్తికాకుండానే ఆయన గాలి పీల్చుకుంటున్నారు. పీల్చినప్పుడల్లా మెడ కండరాలు బిగుసుకుని, గొంతు కింద గుంట లోపలికి పోతోంది. బైబిలు మీద ఆన్చిన వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా వంగి ఉన్నాయి. ఊపిరితిత్తుల జబ్బువాళ్లలో వార్డులో రోజూ చూసే గుర్తులే. ఇంటి మనిషిలో చూసేసరికి, ప్రసంగం వినడం మానేసి ఆయన ఊపిరులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, "మామయ్యా, ఒకసారి వీపు మీద స్టెతస్కోపు పెట్టి చూస్తాను" అన్నాను. వద్దనలేదు. ఊపిరి తీసినప్పుడల్లా ఊపిరితిత్తుల అడుగున సన్నగా చిటపటమని వినిపించింది. నా మొహం ఆయనకు కనబడకుండా వెనకే నిలబడిపోయాను.

"నీకు తెలిసిపోతుందనుకున్నానమ్మా" అన్నారు, ఆగి ఆగి. "జనం ముచ్చటపడుతున్నారు కదా. అలాగే అనుకోనిద్దామని..."

"రేపు ఆసుపత్రికి వెళ్దాం."

"ఈస్టరు అయ్యాక."

"రేపే, మామయ్యా."

వెళ్లాం. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయనీ, పోయినది తిరిగిరాదనీ, జాగ్రత్తగా ఉంటే కొంతకాలం నెట్టుకురావచ్చనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లోకి ఆక్సిజన్ సిలిండరు వచ్చింది. ఈస్టరుకు ఆయన కుర్చీలో కూర్చునే ప్రసంగించారు. రెండు మాటలు చెప్పడం, ఆగడం. ఆగినప్పుడల్లా చర్చి అంతా కాచుకుని ఉంది. అప్పుడు మెచ్చుకున్న ఆ చర్చి పెద్ద తల వంచుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. మరుసటి క్రిస్మస్‌కు మామగారు లేరు.

ఆయన గంటలకొద్దీ చెప్పినవాటిలో ఒక్క వాక్యమూ నాకిప్పుడు గుర్తులేదు. ఆ ఈస్టరు ఉదయం, ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ మేమంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన ఆ కాసేపు మాత్రం, ఇన్నేళ్లు గడిచినా నాలో ఇంకా గడవలేదు.